ఒక్క నిమిషం... తలెత్తి చూడండి!

రోజూ నెత్తిమీదుగా ఎన్నో విమానాలు వెళ్తుంటాయి. కింద ఎవరి పని వాళ్లది. కానీ కొన్ని ఉంటాయి... చేతిలో పని ఆపి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కనుమరుగయ్యేదాకా చూడాల్సినవి. అలాంటివన్నీ ఒక్కొక్కటిగా ఆకాశం నుంచి సెలవు తీసుకుంటున్నాయి. చూసినవాళ్లదే అదృష్టం!

మధ్యాహ్నం వేళ. డాబా మీద వడియాలు ఎండుతున్నాయి. అరుగు మీద తాతయ్య కునుకు తీస్తున్నాడు. ఎక్కడో పైన సన్నగా మొదలైన చప్పుడు మెల్లగా పెద్దదవుతుంది. అంతే! 'విమానం... విమానం' అని అరుచుకుంటూ పిల్లలంతా వాకిట్లోకి పరుగు. ఒకడు కొబ్బరిచెట్టు పైకి వేలు చూపిస్తాడు. 'అక్కడ కాదురా, ఇటు' అంటాడు ఇంకొకడు. తీరా కనిపించేసరికి అది ఇంకెక్కడో, తెల్లటి గీత గీసుకుంటూ వెళ్లిపోతుంటుంది. అయినా సరే, టాటా చెప్పకుండా మాత్రం పిల్లలు వదలరు.

చప్పుడు వినిపించిన చోట విమానం ఎందుకు కనిపించదు? పెద్ద లెక్కేం కాదు. దూరప్రయాణాల విమానాలు దాదాపు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో వెళ్తాయి. అక్కడి నుంచి శబ్దం మన చెవిదాకా రావడానికి సుమారు అరనిమిషం పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం ఆ అరనిమిషంలో ఏడు కిలోమీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోతుంది. అంటే, మనకు వినిపించేది ఎప్పుడో దాటిపోయిన విమానం చప్పుడన్నమాట!

విమానాల చరిత్ర కూడా అచ్చంగా ఇంతే. ఫలానాది గొప్పదట అని మన చెవిన పడేసరికి అది మ్యూజియానికో, తుక్కుకో చేరిపోతోంది. అలా వెళ్లిపోయినవి, వెళ్లిపోబోతున్నవి కొన్నింటిని ఓసారి పలకరిస్తే...

జంబో రెక్కలూపిన రోజు

2024 ఏప్రిల్ 22. ముంబయి విమానాశ్రయం నుంచి ఎయిరిండియా వారి బోయింగ్ 747 ఒకటి పైకి లేచింది. లోపల ఒక్క ప్రయాణికుడూ లేడు. నేల విడిచిన కాసేపటికే పైలట్ విమానాన్ని అటోసారి ఇటోసారి వాల్చాడు. ఎడమ రెక్క, కుడి రెక్క... ఊపి వీడ్కోలు చెప్పాడు. ఆ ప్రయాణం అమెరికాకి. ఎందుకంటే, విడిభాగాలుగా విప్పేయడానికి! ఆ దృశ్యం చూసి కళ్లు చెమర్చినవాళ్లు ఎందరో.

'జంబో జెట్' అని ముద్దుగా పిలుచుకున్న ఈ విమానం 1969 ఫిబ్రవరి 9న తొలిసారి ఎగిరింది. ఇంజినీరు జో సటర్ బృందం దాన్ని రూపొందించింది. ముందు భాగంలో మూపురంలా కనిపించే ఆ ఎత్తు అందం కోసం పెట్టింది కాదు. రేపోమాపో ధ్వనికన్నా వేగంగా పోయే విమానాలు వచ్చేస్తాయి, జనమంతా వాటిలోనే తిరుగుతారు అనుకున్నారు అప్పట్లో. అప్పుడు 747 సరుకుల రవాణాకైనా పనికి రావాలి కదా! ముక్కు భాగాన్ని పైకి తెరిచి పెద్దపెద్ద సామాన్లు నేరుగా లోపలికి తోయాలంటే పైలట్లు దారికి అడ్డం ఉండకూడదు. అందుకే వాళ్ల గదిని మేడ మీదికి మార్చారు. ఆ మూపురం అలా వచ్చింది.

జరిగింది మాత్రం వేరు. వేగం విమానాలు కొందరికే పరిమితమయ్యాయి. జంబో మాత్రం ఒకేసారి వందలమందిని మోసి సముద్రాలు దాటే ప్రయాణాన్ని మధ్యతరగతికి దగ్గర చేసింది. మన దేశానికి తొలి జంబో 1971లో వచ్చింది. దాని పేరు 'ఎంపరర్ అశోక'. కిటికీల చుట్టూ రాజస్థానీ మహళ్ల గవాక్షాల్లా రంగులు వేసి మురిసిపోయింది ఎయిరిండియా. 1978 జనవరి 1 రాత్రి అదే విమానం ముంబయి తీరంలో సముద్రంలో కూలి 213 మంది ప్రాణాలు పోవడం మరిచిపోలేని విషాదం.

మొత్తం 1,574 జంబోలు తయారయ్యాయి. చివరిది 2023 జనవరి 31న అమెరికాకి చెందిన అట్లాస్ ఎయిర్ చేతికి వెళ్లింది. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి వెళ్తూ వెళ్తూ అది ఆకాశంలో ఎలా తిరిగిందంటే... మ్యాపు మీద ఆ దారి చూస్తే ఓ కిరీటం బొమ్మ, దాంతోపాటు '747' అంకెలు! 'ఆకాశపు రాణి' అని ఊరికే అన్నారా మరి! సరుకులు మోసే జంబోలు, కొద్దిపాటి ప్రయాణికుల జంబోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మూపురం కనిపిస్తే వదలకండి.

నాలుగు పోయి రెండొచ్చె

జంబో ఎందుకు వెళ్లిపోతోంది? ఒక్క మాటలో చెప్పాలంటే నాలుగు ఇంజిన్లు చేసే పనిని ఇప్పుడు రెండే చేస్తున్నాయి కాబట్టి. ఒకప్పుడు రెండు ఇంజిన్ల విమానాలను సముద్రం మీద ఎక్కువ దూరం వెళ్లనిచ్చేవారు కాదు. ఒకటి ఆగిపోయినా గంటలోపు దగ్గర్లోని విమానాశ్రయం చేరగలిగేలా వెళ్లాలన్నది నిబంధన. ఇంజిన్లు నమ్మకంగా పనిచేయడం మొదలయ్యాక 1985 నుంచి ఆ గంటను రెండు గంటలు చేశారు. తర్వాత ఇంకా పెంచారు. బోయింగ్ 777లో పెద్ద రకానికి ఉండే ఒక్కో ఇంజిన్ చుట్టుకొలత చిన్న 737 విమానం నడుముకి ఇంచుమించు సరిపోతుందంటే ఊహించుకోండి! అంత బలం రెండింటిలోనే ఉంటే నాలుగింటికి ఇంధనం పోయడం ఎందుకని విమానయాన సంస్థలు లెక్కలేసుకున్నాయి.

ఆ లెక్కలోనే ఎయిర్‌బస్ ఏ380 కూడా పడిపోయింది. అది రెండంతస్తుల మేడ. ముందు నుంచి వెనకదాకా పైనా కిందా సీట్లే. 2005 ఏప్రిల్ 27న తొలిసారి ఎగిరినప్పుడు ఇక రాబోయే యాభై ఏళ్లూ దీనిదే అనుకున్నవాళ్లున్నారు. పదహారేళ్లు తిరిగేసరికి 2021 డిసెంబరులో చివరి విమానం ఎమిరేట్స్‌కి అప్పగించి తయారీ ఆపేశారు. కరోనా కాలంలో ఎన్నో ఏ380లు ఎడారుల్లో నిలబడిపోయాయి. కొన్ని తుక్కయ్యాయి. కొన్ని మాత్రం మళ్లీ రెక్కలు దులుపుకొని లేచాయి.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, పురిటికి కూతురు దగ్గరికో దుబాయ్ మీదుగా వెళ్లే మన అమ్మానాన్నల్లో చాలామంది దీన్ని ఎక్కే ఉంటారు. ఎక్కిన సంగతి వాళ్లకీ తెలిసుండదు! లోపలున్నవాళ్లకు అది సీట్ల వరస మాత్రమే. దాని అందం చూడాలంటే కిందే ఉండాలి. దాదాపు 80 మీటర్ల రెక్కలతో ఉన్న భారీకాయం తొందరేమీ లేనట్టు, గాల్లో ఆగిపోయిందేమో అనిపించేలా నింపాదిగా దిగుతుంది. నిజానికి దాని వేగం తక్కువేం కాదు. మరీ పెద్దది కావడంతో మన కళ్లే మోసపోతాయి.

రోజూ చూసినా తనివి తీరనిది

పెద్దవాటి సంగతి అలా ఉంటే, వేగానికి మారుపేరు కాంకార్డ్. లండన్‌లో హీత్రూ విమానాశ్రయం చుట్టుపక్కలవాళ్లకి విమానం అంటే మన వీధిలో ఆటో వెళ్లినట్టే. ఎవరూ పట్టించుకోరు. అలాంటి ఊళ్లో కూడా ఈ విమానం వెళ్తుంటే జనం మాటలు ఆపి పైకి చూసేవాళ్లు. మాటలు ఆపక తప్పేదీ కాదు లెండి... దాని హోరు అలాంటిది!

తెల్లటి కొంగ మెడ చాచినట్టు ఉండేది. 1969 మార్చి 2న ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో తొలిసారి లేచింది. 1976 జనవరిలో ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. ధ్వనికి రెట్టింపు వేగం. లండన్ నుంచి న్యూయార్క్‌కి సుమారు మూడున్నర గంటలే. లండన్‌లో బయల్దేరిన సమయం కన్నా న్యూయార్క్‌లో దిగిన సమయం ముందు ఉండేది, అక్కడి గడియారం ప్రకారం. ఆ వేగానికి గాలి రాపిడితో ఒళ్లు వేడెక్కి, విమానం ఎగురుతుండగానే పొడవు కొన్ని అంగుళాలు సాగేది. దిగేటప్పుడు రన్‌వే కనిపించాలని పైలట్ ముక్కును కిందికి వంచేవాడు.

ఇన్ని ఉన్నా లాభం లేకపోయింది. ధ్వని వేగాన్ని మించితే పుట్టే పిడుగులాంటి చప్పుడుకి భయపడి నేల మీదుగా ఆ వేగంతో పోనివ్వలేదు. ఇంధనం ఖర్చు విపరీతం. 2000 జులై 25న పారిస్ దగ్గర జరిగిన ప్రమాదంలో 113 మంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి మళ్లీ కోలుకోలేదు. 2003 అక్టోబరు 24న మూడు కాంకార్డ్‌లు ఒకదాని వెనక ఒకటి హీత్రూలో దిగాయి. ప్రయాణికులతో అదే ఆఖరు. నవంబరు 26న ఒకటి తను పుట్టిన బ్రిస్టల్ నగరం మీద, అక్కడి పాత వేలాడే వంతెన మీదుగా వెళ్లి ఫిల్టన్‌లో శాశ్వతంగా ఆగింది. ఆ వంతెన చుట్టూ నిలబడి చూసినవాళ్లు అదృష్టవంతులు. ఇప్పటి పాతికేళ్ల కుర్రాళ్లకి దాన్ని వీడియోల్లో చూడటమే గతి.

నిజాం పేరు మోసిన రెక్కలు

అదే ఇంగ్లండ్‌లో ఎనభై ఏళ్లు దాటినా ఇంకా ఎగురుతున్న బుల్లి యోధుడు ఒకటుంది. పేరు స్పిట్‌ఫైర్. 1936 మార్చి 5న తొలిసారి ఎగిరింది. రూపశిల్పి ఆర్.జె.మిచెల్ మర్నాటి ఏడాదే కన్నుమూశాడు. 1940లో జర్మన్ విమానాలను ఎదుర్కొని ఇంగ్లండ్‌ను కాపాడిన వాటిలో తన సృష్టి ఉందని ఆయనకు తెలియనే తెలియదు. కోడిగుడ్డు అంచులా గుండ్రంగా తిరిగే రెక్కలు, రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ ఇంజిన్ గంభీరమైన గొంతు... దాన్ని గుర్తుపట్టడానికి ఈ రెండూ చాలు. మొత్తం ఇరవై వేలకు పైగా తయారైతే ఇప్పుడు ఎగరగలిగేవి పదుల సంఖ్యలోనే.

ఈ కథలో హైదరాబాద్ కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు సమకూరాయి. దాన్ని 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అనే పిలిచారు. అలా నిజాం కానుకగా ఇచ్చిన వాటిలో ఒక డీహెచ్9ఏ విమానం లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరులోనూ హైదరాబాదే! ఆ దళం చిహ్నం మీద ఉండేది నిజాం తలపాగా. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో పోరాడిన ఈ దళం తర్వాత బర్మా యుద్ధరంగానికీ వచ్చింది.

లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో బ్రిటిష్ వైమానిక దళం వారు స్పిట్‌ఫైర్లను, హరికేన్లను, ఒక లాంకస్టర్ బాంబర్‌ను ఎగిరే స్థితిలో కాపాడుకొస్తున్నారు. ఎండాకాలంలో అక్కడ పండగలకీ పబ్బాలకీ ఇవి వచ్చి పలకరిస్తుంటాయి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లెవరైనా ఉంటే ఈసారి పిల్లలకు చూపించి చెప్పొచ్చు... 'ఒరేయ్, దాని వెనక మన ఊరి డబ్బు కూడా ఉందిరా' అని.

డకోటా అంటే డొక్కు కాదు

'ఇదేం డకోటా బండిరా బాబూ' అని పాత బస్సును చూసి విసుక్కోవడం మనకు అలవాటు. పాపం, అసలు డకోటా అంత మాట పడాల్సింది కాదు. 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన డగ్లస్ డీసీ-3కి సైనిక రూపం అది. గట్టి నేల, మెత్తటి నేల అని చూడదు. మట్టి మైదానంలోనూ దిగుతుంది. రెండు ఇంజిన్లు, తోక నేలకు ఆనించి ముక్కు ఆకాశానికెత్తి నిలబడే తీరు... దాని దర్జాయే వేరు.

1947 అక్టోబరు 27న శ్రీనగర్‌లో మన సిక్కు రెజిమెంట్ జవాన్లను దించింది డకోటాలే. ఆ రోజు కాస్త ఆలస్యమైనా కశ్మీర్ కథ ఇంకోలా ఉండేది. మన బేగంపేటలోనూ డకోటాలు తిరిగాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో ప్రారంభించిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఈ విమానాలనే నడిపింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

అంతా అయిపోయిందనుకున్నాక 2018లో ఒక డకోటా తిరిగొచ్చింది. 1944లో తయారైన ఆ విమానాన్ని రాజీవ్ చంద్రశేఖర్ సొంత ఖర్చుతో బాగుచేయించి వాయుసేనకు కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి వాయుసేనలో డకోటా పైలట్. దానికి 'పరశురామ' అని పేరు పెట్టారు. శ్రీనగర్‌లో మొట్టమొదట దిగిన డకోటా అంకె వీపీ 905నే దీనికీ ఇచ్చారు. ఇంగ్లండ్ నుంచి ఓడలో కాదు, మజిలీలు చేసుకుంటూ సొంత రెక్కల మీదే ఎగిరి వచ్చింది. డెబ్బై నాలుగేళ్ల వయసులో! ఇక మీదట ఎవరైనా డకోటా అని వెక్కిరిస్తే ఈ మాట చెప్పండి.

శంషాబాద్‌లో దిగిన కల

పాతవాటిని అలా ఉంచితే, మన ఊరికే వచ్చి వెళ్లిన అద్భుతం ఇంకోటుంది. 2016 మే నెల. ఒక భారీ విమానం ఇంధనం నింపుకోవడానికి శంషాబాద్‌లో ఆగింది. పేరు ఆంటొనోవ్ 225 'మ్రియా'. ఉక్రెయిన్ భాషలో మ్రియా అంటే కల. ఆరు ఇంజిన్లు. ముప్ఫై రెండు చక్రాలు. రెక్కల కొస నుంచి కొసకు 88 మీటర్లు. నాలుగు క్రికెట్ పిచ్‌లను వరసగా పేర్చినా రెక్కలు ఇంకా బయటికే ఉంటాయి! నిండా బరువేసుకుంటే 640 టన్నులు. సోవియట్ యూనియన్ తన అంతరిక్ష నౌక 'బురాన్'ను వీపు మీద మోయించడానికి దీన్ని తయారుచేసుకుంది. 1988 డిసెంబరులో ఇది తొలిసారి ఎగిరింది. పూర్తయింది ఈ ఒక్కటే. రెండోది లేదు.

హైదరాబాద్‌లో ఆగినప్పుడు దాని పొట్టలో వంద టన్నులకు పైగా బరువున్న జనరేటర్ ఉంది. చెక్ రాజధాని ప్రేగ్ నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి తీసుకెళ్తోంది. పెర్త్‌లో అది దిగుతుంటే చూడటానికి వేలాదిమంది కార్లేసుకుని వచ్చి రోడ్లన్నీ కిక్కిరిసిపోయాయి. మనలో చాలామందికి మాత్రం అది వచ్చి వెళ్లాక పేపర్లో చూశాకే తెలిసింది. 'మళ్లీ వచ్చినప్పుడు చూద్దాంలే' అనుకున్నారు. మళ్లీ రాలేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి మొదలైన రోజుల్లో కీవ్ దగ్గర హోస్టొమెల్ విమానాశ్రయంలో, షెడ్డులో ఉన్నది ఉన్నట్టే ధ్వంసమైంది. ఒకే ఒక్క కల. కాలిపోయింది.

అదే సంవత్సరం డిసెంబరులో శంషాబాద్‌కి ఇంకో విచిత్రమైన చుట్టం వచ్చింది. తిమింగలానికి రెక్కలు తగిలించినట్టుండే ఎయిర్‌బస్ బెలూగా. విమానాల రెక్కలు, భాగాలు ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి మోయడానికి చేసినవి ఇవి. ఈ పాత రకం తయారైనవి ఐదే. వీటితో బయటి సరుకులూ మోయించాలని ఎయిర్‌బస్ పెట్టిన సంస్థ 2025లో మూతపడింది. దీని తమ్ముడు బెలూగా ఎక్స్‌ఎల్ ఇంకా పెద్దది. ముఖం మీద కళ్లు, నవ్వుతున్న నోరు బొమ్మ వేసి మరీ వదిలారు. అది ఎగిరేది ఎక్కువగా యూరప్‌లోనే. పిల్లలు గనక చూస్తే ఇంటికి రారు!

బాదల్‌కి సెల్యూట్

ఇవన్నీ ఒక ఎత్తు. మన మిగ్-21 ఒక ఎత్తు. 1963లో వాయుసేనలో చేరింది. మన దేశంలో ధ్వని వేగాన్ని దాటిన తొలి యుద్ధ విమానాలు ఇవే. చెక్కిన పెన్సిల్‌కి త్రికోణం రెక్కలు అతికించినట్టు ఉండేది. వందలకొద్దీ మిగ్‌లను హెచ్‌ఏఎల్ మన దేశంలోనే తయారుచేసింది. వాటి ఇంజిన్ల కోసం మన సరిహద్దు పక్కనే, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఫ్యాక్టరీ పెట్టారు. 1971 యుద్ధంలో సత్తా చూపింది. 2019 ఫిబ్రవరిలో అభినందన్ వర్ధమాన్ నడిపిందీ ఇదే రకం.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చెప్పుకోవాలి. వందలాది ప్రమాదాలు. ఎందరో యువ పైలట్ల ప్రాణాలు. 'ఎగిరే శవపేటిక' అన్న చెడ్డపేరు కూడా మోసింది. వారసుడు తేజస్ రావడం ఆలస్యమైన కొద్దీ విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులోనూ సరిహద్దు కాపలా కాసింది. అందుకే దాన్ని ప్రేమించినవాళ్లూ ఉన్నారు, అది ఎగురుతుంటే కొడుకు క్షేమంగా దిగేదాకా గుండె చేత్తో పట్టుకున్న తల్లులూ ఉన్నారు.

2025 సెప్టెంబరు 26న, ఎక్కడ మొదలైందో అదే చండీగఢ్‌లో 62 ఏళ్ల ప్రయాణం ముగిసింది. వాయుసేనాధిపతి ఎ.పి.సింగ్ స్వయంగా నడిపారు. ఆ రోజు ఆయన విమానానికి పెట్టిన సంకేతనామం 'బాదల్'... అంటే మేఘం. కిందికి దిగిన మిగ్‌లకు రెండు వైపులా నీళ్లు చిమ్మి వీడ్కోలు పలికారు. ఒకప్పుడు మిగ్‌లు నడిపి రిటైరైన పెద్దవాళ్లు అక్కడ నిలబడి పైకి చూశారు. వాళ్లు చూసింది విమానాన్ని ఒక్కదాన్నే కాదు, తిరిగిరాని స్నేహితులను కూడా!

విశాఖ బీచ్‌లో విశ్రాంతి

ఇలా వెళ్లిపోయిన వాటిలో ఒకటి మనకు అందేంత దగ్గర్లోనే ఉంది. విశాఖ బీచ్‌రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఎదురుగా ఆగి ఉన్న టీయూ-142. సముద్రం మీద గంటల తరబడి ఎగిరి శత్రు జలాంతర్గాముల్ని వెతకడం దాని పని. నాలుగు ఇంజిన్లు. ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు... ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు! వాటి రెక్కల కొసలు ధ్వని వేగానికి దగ్గరగా తిరుగుతూ చేసే హోరు మైళ్ల దూరం వినిపించేది. 1988 నుంచి 29 ఏళ్లు మన నౌకాదళానికి సేవ చేసి 2017 మార్చిలో తమిళనాడులోని అరక్కోణంలో రిటైరైంది. అక్కడి నుంచి విశాఖకు తనే ఎగిరి వచ్చింది. అదే ఆఖరి ప్రయాణం. అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా మారింది. ఇప్పుడు పిల్లలు మెట్లెక్కి దాని పొట్టలోకి వెళ్లి చూసొస్తున్నారు. మంచిదే. కానీ ఆ హోరు మాత్రం ఏ టికెట్టు కొన్నా వినిపించదు.

గుర్తుపట్టడం ఇలా

• చప్పుడు వచ్చిన చోట కాదు, అది వెళ్తున్న దిక్కుగా కాస్త ముందుకు వెతకండి.

• ఇంజిన్లు లెక్కపెట్టండి. వాటి వెనకే తెల్లటి చారలు మొదలవుతాయి. నాలుగు చారలుంటే అరుదైనదే. అది పొగ కాదు. ఇంజిన్ నుంచి వచ్చే నీటి ఆవిరి పైనున్న చలికి మంచు రేణువులుగా మారడమే.

• చార వెంటనే మాయమైతే పైన గాలి పొడిగా ఉందని. ఎక్కువసేపు నిలిచి వెడల్పయితే తేమ ఉందని.

• రాత్రిపూట రెక్కల కొసలు చూడండి. ఎడమ రెక్కకు ఎర్రదీపం, కుడి రెక్కకు పచ్చదీపం ఉంటాయి. దాన్నిబట్టి మన వైపు వస్తోందా, వెళ్తోందా తెలుస్తుంది.

• విమానాల జాడ చెప్పే యాప్‌లు సెల్‌ఫోన్లలో ఉన్నాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్తోందో, ఏ రకమో చెప్పేస్తాయి. అయితే ముందు విమానం చూసి, తర్వాత ఫోన్ చూడండి!

మన నెత్తిమీదే...

ఇవన్నీ చదివి 'మనకెక్కడ కనిపిస్తాయిలే' అనుకోనక్కర్లేదు. బీదర్ స్థావరంగా ఉన్న వాయుసేన సూర్యకిరణ్ బృందం 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విన్యాసాలు చేస్తే నగరం నగరమంతా మేడలెక్కింది. తొమ్మిది హాక్ విమానాలు, రెక్కకీ రెక్కకీ మధ్య కొద్ది మీటర్ల దూరంతో, ఒకే తాడుకి కట్టినట్టు తిరుగుతాయి. తొమ్మిదిమందికీ కన్ను ఒక్కటే అన్నట్టుంటుంది.

ఈ సూర్యకిరణ్ 1996లో మొదలైనప్పుడు హాక్‌లు లేవు. అప్పుడు ఎగిరినవి కిరణ్‌లు. మన హెచ్‌ఏఎల్ రూపొందించిన శిక్షణ విమానాలు. 1964లో తొలిసారి గాల్లోకి లేచాయి. 2011 దాకా ఆ బృందానికి అవే రెక్కలు. దుండిగల్, హకీంపేట చుట్టుపక్కల కాలనీలవాళ్లకి వాటి చప్పుడు పాలవాడి సైకిల్ గంటంత మామూలు. బట్టలు ఆరేస్తూ, కూరలు బేరమాడుతూ ఎన్నిసార్లు విని ఉంటారో! తలెత్తి చూసింది ఎందరు? తరతరాల యువ పైలట్లకు జెట్ నడపడం నేర్పిన ఆ కిరణ్‌ల కాలం కూడా చివరికొచ్చింది. వాటి వారసులు సిద్ధమవుతున్నారు.

కాంకార్డ్ చుట్టూ జనం చేరింది ఆఖరి రోజు. మిగ్‌ని టీవీల్లో చూపించింది ఆఖరి రోజు. మ్రియాకి ఆ ఆఖరి రోజు కూడా ఎవరికీ చెప్పకుండానే వచ్చేసింది. వీడ్కోలు సభ జరిగేదాకా ఆగితే చూసేది కొద్దిమందే. మామూలు రోజున, మామూలు వేళ, పని మధ్యలో చూసిందే నిజంగా చూసినట్టు.

అందుకే, ఈసారి వాకిట్లోంచి 'విమానం... విమానం' అన్న కేక వినిపిస్తే 'ఊరుకోండర్రా' అని కసరకండి. స్టవ్ మంట తగ్గించి, పేపరు పక్కన పెట్టి మీరూ బయటికి రండి. చప్పుడున్న చోట కాదు... కాస్త ముందుకు చూడండి.

వెళ్తూ ఉంటుంది. టాటా చెప్పడానికి ఇంకా టైముంది!